తల్లి జబ్బు లెక్కలోకి రాదు

అమెరికా వలస చట్టంలో ఒకప్పుడు జబ్బుమనిషికి కాస్త చోటుండేది. పెద్ద చోటేం కాదు, వీధి గుమ్మం పక్కన అరుగంత. కాగితాలు లేకుండా ఏళ్ళ తరబడి అక్కడే బతికి, అక్కడే పిల్లల్ని కని, చివరికి ఏ కిడ్నీ జబ్బో కేన్సరో పట్టుకున్న మనిషి ఆ అరుగు మీద కూర్చుని కాస్త ఊపిరి పీల్చుకోగలిగేవాడు. దాన్ని ఎవరూ ఒక్క దెబ్బతో పడగొట్టలేదు. ఒక్కో రాయే ఊడబీకారు. అందుకే కూలిన చప్పుడు ఎవరికీ వినబడలేదు.

అలాంటి చోటు ఒకటుందన్న సంగతి లోకానికి తెలిసింది ఒక పాటగాడి పుణ్యమా అని. 1972లో నిక్సన్ ప్రభుత్వం జాన్ లెనన్‌ను దేశం నుంచి పంపేయడానికి పూనుకుంది. లండన్‌లో ఎప్పుడో పడిన గంజాయి కేసు సాకు. లెనన్ తరఫు లాయరు లియాన్ వైల్డ్స్ వదిలిపెట్టలేదు. కాగితాలు లేకపోయినా ప్రభుత్వం పంపించకుండా ఊరుకున్నవాళ్ళ వివరాలు ఇమ్మని సమాచార చట్టం కింద అడిగి, ఇవ్వకపోతే కోర్టుకెక్కి మరీ రాబట్టాడు. 1,843 కేసులు బయటపడ్డాయి. అధికారులు తమలో తాము చూసుకునే ఉత్తర్వుల పుస్తకంలో ‘నాన్‌ప్రయారిటీ’ అని ఒక పద్ధతి ఉందని, అప్పటిదాకా దాన్ని బయటివాళ్ళ కంట పడనివ్వలేదని తేలింది. ఆ ఉత్తర్వు చూడమన్నది ఏమిటంటే, మనిషి బాగా ముసలివాడా లేక పసివాడా, ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయింది, ఇక్కడే వైద్యం జరగాల్సిన జబ్బేమైనా ఉందా, పంపేస్తే ఇంట్లోవాళ్ళు ఏమవుతారు. నేను చదివిన సర్కారీ ఉత్తర్వుల్లో మనిషి మొహం చూసి రాసినట్టున్నవి తక్కువ. ఇది వాటిలో ఒకటి. 1975లో లెనన్‌కు కూడా, భార్య గర్భిణి అన్న కారణంతో, ఆ మినహాయింపే దొరికింది. ఆ వెంటనే కోర్టులోనూ గెలిచాడు. మరుసటి ఏడు గ్రీన్‌కార్డు వచ్చింది.

ఆ పద్ధతికే తర్వాత ‘డిఫర్డ్ యాక్షన్’ అన్న పేరు స్థిరపడింది. అది హక్కు కాదు. అధికారి దయ. అప్పీలు లేదు, గ్రీన్‌కార్డు దాకా పోదు. కానీ జబ్బు అనేది ఒక కారణమేనని ప్రభుత్వం తన చేత్తో రాసుకుంది, అది చిన్న విషయం కాదు.

ఇంతకన్నా గట్టి అండ చట్టంలోనే ఉండేది. ‘సస్పెన్షన్ ఆఫ్ డిపోర్టేషన్’ అంటారు. మూలాలు 1940 నాటివి. 1962 తర్వాత అది కుదురుకున్న రూపం ఇది: ఏడేళ్ళు ఆ దేశంలో ఉండి, నడవడి మంచిదై ఉండి, పంపేస్తే తనకు గానీ, పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో అయిన తన భార్యాభర్తలకు, తల్లిదండ్రులకు, పిల్లలకు గానీ తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపిస్తే జడ్జి పంపకుండా ఆపి గ్రీన్‌కార్డు ఇప్పించవచ్చు. గుండె జబ్బున్న తల్లి తన ఈసీజీ కాగితం తనే చేత్తో పట్టుకుని కోర్టుకు పోవచ్చు. నా జబ్బుకు మా ఊళ్ళో వైద్యం లేదయ్యా అని తన బాధ తనే చెప్పుకోవచ్చు. గెలిచినవాళ్ళు గెలిచారు, ఓడినవాళ్ళు ఓడారు. చెప్పుకోవడానికైతే వీలుండేది.

1996 సెప్టెంబర్ 30న క్లింటన్ సంతకంతో ఆ వీలు పోయింది. పెద్ద బడ్జెట్ బిల్లు ఒకటి పాస్ కాకపోతే ప్రభుత్వమే ఆగిపోయే స్థితిలో, దాని కడుపులో పెట్టి ఈ వలస చట్టాన్ని గట్టెక్కించారు. మరుసటి ఏడు ఏప్రిల్ 1 నుంచి అమలు. ఏడేళ్ళు పదేళ్ళయింది. తీవ్రమైన కష్టం చాలదు, ఎక్కడా చూడనంత అసాధారణమైన కష్టం కావాలన్నారు. ఏడాదికి 4,000 మందికి మించి ఇవ్వకూడదని కత్తెర పెట్టారు. ఇవన్నీ ఒక ఎత్తు. ఎవరిని పంపేస్తున్నారో ఆ మనిషి సొంత కష్టాన్ని లెక్కలోంచి తీసేయడం ఇంకో ఎత్తు. ఇక నుంచి చూసేది పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో అయిన దగ్గరివాళ్ళ కష్టమే. తల్లికి కేన్సరైతే ఆ కేన్సర్ వల్ల ఆమె పడే నరకం దస్త్రంలో లేనట్టే. ఆమె పోతే బిడ్డకేం లోటన్నదే ప్రశ్న.

ఆ తేడా లాయరు గదిలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. జబ్బుతో వచ్చిన తండ్రిని ఒంట్లో ఎలా ఉందని అడిగి లాభం లేదు. మీ అబ్బాయి ఎలా ఉన్నాడని అడగాలి. ఫైలు నిండా బిడ్డ బడి రిపోర్టులు, బిడ్డను చూసిన సైకాలజిస్టు ఉత్తరం, బిడ్డ ఆస్తమా మందుల చీటీలు. పిల్లాడు ఆరోగ్యంగా ఉండి, చక్కగా చదువుకుంటూ, మేనమామ ఇంట్లోనో పిన్ని ఇంట్లోనో సర్దుకోగలడనిపిస్తే కేసు బలహీనపడుతుంది. పిల్లల్ని బాగా పెంచుకోవడమే తండ్రికి ఎదురు తిరుగుతుంది. ఇంతకంటే క్రూరమైన లెక్క నాకు తెలియదు.

2001లో వలస అప్పీళ్ళ బోర్డు ముందుకు ఒక మెక్సికో తండ్రి కేసు వచ్చింది. పద్నాలుగో ఏట వచ్చి ఇరవై ఏళ్ళుగా అక్కడే కష్టపడి బతుకుతున్నవాడు. పిల్లలు అమెరికా పౌరులు. బోర్డు కాదంది. ఎలాంటి కేసు నిలబడుతుందో చెబుతూ, పెద్ద జబ్బున్న బిడ్డ ఉన్నవాళ్ళ కేసును ఉదాహరణగా చూపింది. తల్లిదండ్రుల సొంత ఆరోగ్యాన్ని మాత్రం అది అయినవాళ్ళ మీద పడే భారాన్ని పెంచే మేరకే చూస్తామంది.

పిల్లలు పెద్దయ్యాక దారి దొరకదా అని మనవాళ్ళు అడుగుతారు. మన ఇళ్ళ అనుభవం నుంచి వచ్చే ప్రశ్న అది. విజిటర్ వీసా మీద కూతురి దగ్గరికి వెళ్ళిన తల్లికి అక్కడే పక్షవాతం వచ్చి, గడువు దాటిపోయినా, ఆ కూతురు ఇరవై ఒకటి నిండిన అమెరికా పౌరురాలైతే తల్లికి అక్కడే ఉండి గ్రీన్‌కార్డుకు పెట్టుకునే వీలుంది. వీసాతో దిగింది కాబట్టి. సరిహద్దు దాటి నడిచి వచ్చిన తల్లికి ఆ వీలు దాదాపు లేదు. ఆమె ముందు దేశం విడిచి వెళ్ళి, బయటి కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. గడప దాటగానే అదే 1996 చట్టం పదేళ్ళు రావద్దంటుంది. ఆ పదేళ్ళ నిషేధానికి మాఫీ ఉంది గానీ, అది భార్యాభర్తల కష్టం మీదో తల్లిదండ్రుల కష్టం మీదో ఇచ్చేది. పిల్లల కష్టం అక్కడ పనికిరాదు. కోర్టులో పిల్లల బాధే చూస్తామన్న చట్టం, కాన్సులేట్ దగ్గర పిల్లల బాధ చూడనంటుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి పదేళ్ళంటే ఏమిటో ఈ చట్టం రాసినవాళ్ళకు తెలియదనుకోలేను.

2014 నవంబర్‌లో ఒబామా ఒక దారి వేయబోయాడు. పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో అయిన పిల్లలున్న తల్లిదండ్రుల్ని మూడేళ్ళపాటు కదిలించకుండా పని చేసుకోనివ్వడం. లక్షల ఇళ్ళల్లో ఆశ పుట్టింది. టెక్సాస్ నాయకత్వాన రాష్ట్రాలు కోర్టుకెళ్ళాయి, అమల్లోకి రాకముందే జడ్జి ఆపేశాడు, 2016 జూన్‌లో సుప్రీంకోర్టు నాలుగుకు నాలుగుగా చీలిపోయింది. ఒక్కరికీ అందలేదు.

వైద్యం విషయానికొస్తే, డెన్వర్‌లో జరిగింది చెప్పకుండా ముందుకు పోలేను. కిడ్నీలు పాడైతే డయాలసిస్ ఖర్చు మెడికేర్ భరించేలా అమెరికా 1972లోనే చట్టం చేసుకుంది. కాగితాలు లేనివాళ్ళకు అది వర్తించదు. వాళ్ళకున్నది 1986 నాటి అత్యవసర వైద్య చట్టం, ప్రాణం మీదికొస్తే ఏ ఎమర్జెన్సీ అయినా చూడాలన్నది. అంటే ప్రాణం మీదికి రావాలి. వారానికి మూడుసార్లు జరగాల్సిన డయాలసిస్ వారానికోసారి, అదీ ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఎగశ్వాస పుట్టాక. రక్తం తీసి చూసేవాళ్ళు. పొటాషియం చాలినంత పెరగలేదంటే ఇంటికి పొమ్మనేవాళ్ళు. పొటాషియం పెరగాలని అరటిపండ్లు తిని, నారింజరసం తాగి వచ్చినవాళ్ళున్నారు. గుండె ఆగిపోగల పని అది, తెలిసే చేశారు. రాత్రంతా కుర్చీలో ఎదురుచూసి తెల్లవారి వెనక్కి పోయిన తల్లి ఇంకో రెండు రోజులకు ఇంకా పాడై వచ్చేది. ఇంటి దగ్గర పిల్లలు, ఈసారి అమ్మ తిరిగొస్తుందో రాదో తెలియకుండా, ప్రతి వారం.

అక్కడ పనిచేసిన డాక్టర్ లిలియా సెర్వాంటెస్ తాను చూసిన ఒక తల్లి గురించి తర్వాత పత్రికలకు చెప్పారు. చిన్న వయసు, ఇద్దరు చిన్న కొడుకులు. వారం వారం చావు అంచుదాకా పోయి రావడం, అది పిల్లలు కళ్ళారా చూడటం ఆ తల్లి భరించలేకపోయింది. పిల్లల్ని పెంచుకునే ఇల్లొకటి చూసి, వాళ్ళను అక్కడ ఒప్పగించి, వైద్యం మానేసింది. 2014లో పోయింది. ఆమెకు దొరకనిది కొత్త మందేం కాదు. అదే ఊళ్ళో పక్కవీధి మనిషికి సోమ, బుధ, శుక్రవారాల్లో మామూలుగా జరిగే వైద్యం.

సెర్వాంటెస్ వార్డు పని తగ్గించుకుని పరిశోధనకు దిగారు. 2018లో వచ్చిన ఆమె బృందం అధ్యయనం ఎమర్జెన్సీ డయాలసిస్ మాత్రమే దొరికే డెన్వర్, హ్యూస్టన్ రోగుల్ని మామూలు డయాలసిస్ దొరికే శాన్‌ఫ్రాన్సిస్కో రోగులతో పోల్చింది. ఐదేళ్ళ నాటికి మొదటివాళ్ళలో చనిపోయే ప్రమాదం పద్నాలుగు రెట్లు. పైగా ప్రాణం మీదికి తెచ్చి చేసే వైద్యానికే ఖర్చూ ఎక్కువ. 2019లో కొలరాడో నిబంధన మార్చి, కాగితాలు లేనివాళ్ళకూ క్రమం తప్పకుండా డయాలసిస్ ఇప్పించింది. ఈ కథంతటిలో వెనక్కి తిరిగి లేచిన రాయి అదొక్కటే. ఆ తల్లి ఇంకో ఐదేళ్ళు బతికుంటే అందేది.

సరిగ్గా ఆ 2019 ఆగస్టులోనే ట్రంప్ ప్రభుత్వం మిగిలిన అరుగు మీద కూడా చెయ్యి వేసింది. జబ్బు కారణంగా డిఫర్డ్ యాక్షన్ అడిగేవాళ్ళు ఏడాదికి వెయ్యిమంది ఉంటారేమో. ముందుగా ఒక్క ప్రకటనైనా లేకుండా, ఇక ఆ దరఖాస్తులు చూడమంటూ రోగులకు, జబ్బు పిల్లల తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్ళాయి. 33 రోజుల్లో దేశం విడవాలి. కేన్సర్ పిల్లలున్న ఇళ్ళకు, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ళకు కూడా అదే ఉత్తరం. బోస్టన్‌లో డాక్టర్లు, లాయర్లు ముందు గగ్గోలు పెట్టారు, కాంగ్రెస్ కమిటీ ముందు రోగులే వచ్చి కూర్చున్నారు. సెప్టెంబర్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పద్ధతి మిగిలింది గానీ దాని మీద నమ్మకం మిగల్లేదు. ఊరూ పేరూ చిరునామా రాసి ప్రభుత్వానికి తనను తానే పట్టించడం తప్ప అది అడిగే దారి లేదు మరి.

ఆస్పత్రులు కూడా దయామయాలేం కావు. ఫ్లోరిడాలో తాగి నడిపిన కారు గుద్ది మెదడు దెబ్బతిన్న గ్వాటెమాలా తోటమాలిని 2003లో ఆస్పత్రే తన ఖర్చుతో విమానంలో వాళ్ళ దేశానికి పంపేసింది. అది చెల్లదని పైకోర్టు తర్వాత అంది. 2009లో జ్యూరీ మాత్రం ఆస్పత్రి చేసింది తప్పు కాదంది. ఆస్పత్రుల దగ్గర, బడుల దగ్గర వలస అధికారులు అరెస్టులు చేయకూడదన్న కట్టుబాటు ఏళ్ళ తరబడి ఉండేది. 2025 జనవరి 20న దాన్నీ ఎత్తేశారు. ఆ తర్వాత కీమోకు బయల్దేరే తల్లి ఆలోచించాల్సింది కీమో గురించి మాత్రమే కాదు.

కోర్టుల్లో 2024 మార్చిలో ఒక మార్పు వచ్చింది. ఆస్తమాతో బాధపడే చిన్న కొడుకున్న ట్రినిడాడ్ తండ్రి కేసులో, కష్టం ఎంతన్న తీర్పును పైకోర్టులు కూడా పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. అయినా పరిశీలించేది మళ్ళీ ఆ కొడుకు కష్టాన్నే.

ఇక మిగిలింది ‘రిజిస్ట్రీ’ అనే పాత నిబంధన ఒకటి. ఫలానా తేదీకి ముందు వచ్చి అప్పటి నుంచి అక్కడే ఉన్నవాళ్ళు, నడవడి మంచిదైతే, ఎవరి కష్టమూ రుజువు చేయనక్కరలేకుండా గ్రీన్‌కార్డు అడగవచ్చు. జబ్బు ఎవరిదన్న పేచీ అక్కడ రాదు. 1929 నుంచి ఆ తేదీని కాంగ్రెస్ అప్పుడప్పుడూ ముందుకు జరుపుతూ వచ్చింది. చివరిసారి జరిపింది 1986లో, 1972 జనవరి 1కి. మళ్ళీ ముట్టుకోలేదు. ఏడేళ్ళు ఉంటే చాలనేలా మార్చమని 2022లో ఒక బిల్లు, 2023లో మరొకటి పెట్టారు. రెండూ అటకెక్కాయి. 1973లో వచ్చి, యాభై ఏళ్ళు అక్కడే పని చేసి, ఇవాళ ఆస్పత్రి మంచం మీద ఉన్న తండ్రికి ఆ నిబంధన వర్తించదు.