గచ్చిబౌలి చూడని గెలుపు

పులికాట్ సరస్సుకు పడమటనున్న సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కితే చెన్నై ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ అయిదు వందల కిలోమీటర్లు దాటుతుంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రదైనా, ఈ తీరాన పెద్దాసుపత్రికైనా పెళ్లిబట్టలకైనా జనం తిరిగేది దక్షిణానికే. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ కూడా చాలాకాలం ఆ దిక్కునే ఉండిపోయింది. 2014లో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు తెలుగు నేల మీద ఒక్క జట్టూ లేదు. సరిహద్దు అవతల చెన్నైయిన్ ఎఫ్‌సీ ఉంది. అది 2015లో ఒకసారి, 2017–18లో మరోసారి కప్పు కొట్టింది. సరిహద్దు దగ్గరి తడ నుంచి బయల్దేరి చెన్నై నెహ్రూ స్టేడియంలో మ్యాచ్ చూడొచ్చు. కానీ తెలుగువాళ్లు మన జట్టని చెప్పుకోవడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాది ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఊళ్లోంచి పుట్టుకొచ్చిన జట్టు కాదది. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడటంతో లీగ్‌లో ఖాళీ అయిన చోటును విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని అందుకున్నారు. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం సొంత మైదానమైంది. నవంబర్ 2న అక్కడ ఆడిన తొలి మ్యాచ్‌లోనే కేరళ బ్లాస్టర్స్‌ను 2–1తో ఓడించింది. ఆ రోజు కేరళ తరఫున గోల్ కొట్టిన కుర్రాడి పేరు కె.పి. రాహుల్. ఈ పేరు మళ్లీ వస్తుంది. గెలుపు ఊపు మాత్రం నిలవలేదు. 18 మ్యాచ్‌ల్లో రెండంటే రెండే గెలిచి, పది పాయింట్లతో పట్టికలో అట్టడుగున మిగిలింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే సాగనంపారు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తయి ఉంటే ఆ వైఫల్యాన్ని ఎవరూ అంతగా పట్టించుకునేవారు కాదు. కానీ ఈ నగరం ఒకప్పుడు దేశానికి ఆట నేర్పింది. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఇంకొకరి చేతికి పోనివ్వలేదు. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. 1956–57, 1957–58ల్లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కే వచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు. 1950లో పోలీస్ జట్టు బాధ్యత తీసుకుని, 1963లో కన్నుమూసేదాకా వదల్లేదు. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్లీ స్వర్ణం. జకార్తా నాటికే ఆయన్ను క్యాన్సర్ పట్టుకుంది.

రహీం పద్ధతి చెప్పుకోవాల్సినది. బంతిని కాలికి అంటించుకుని ఒక్కడే పరుగెత్తే ఆటను ఆయన ఒప్పుకోలేదు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో కుర్రాళ్లకు పోటీలు పెట్టాడు. వాటం లేని కాలితోనే ఆడాలన్న షరతుతోనూ పోటీలు పెట్టాడు. బంతి అందగానే తోటివాడికి ఇవ్వాలి, ఇచ్చి ఖాళీలోకి కదలాలి. ఈ పాఠం సికింద్రాబాద్, హైదరాబాద్ మైదానాల్లో పిల్లల కాళ్లలోకి ఇంకింది. అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ మట్టిలోంచే వచ్చాడు. 1956, 1960 ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు.

ఆ కాలంలో ఆటగాడికి అన్నం పెట్టింది పోలీసు ఉద్యోగం. నెల జీతం, యూనిఫాం, ప్రాక్టీసుకు మైదానం, ఆట మానేశాక కూడా నిలిచే కొలువు. బీద ఇళ్ల కుర్రాళ్లకు అంతకు మించిన భద్రత అప్పట్లో లేదు. అయితే కలకత్తా క్లబ్బులు ఇచ్చే డబ్బు, పేరు వేరు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాత నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా అక్కడే పెద్ద పేరు తెచ్చుకున్నారు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు ఇటు రాలేదు. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలయ్యే నాటికి ఆటకు కావలసింది సొంత ఖజానా ఉన్న క్లబ్బు. హైదరాబాద్‌కు ఉన్నవి పోలీసు జట్టు, బ్యాంకు జట్లు, పాత జ్ఞాపకాలు. తొలి టైటిల్ పంజాబ్‌లోని ఫగ్వాడాకు, జేసీటీ మిల్స్‌కు పోయింది.

2019 జట్టు మీద నగరం పెట్టుకున్న ఆశ వెనక ఇంత బరువుంది.

2020 ఆగస్టులో మనోలో మార్కెజ్ వచ్చాడు. బార్సిలోనా మనిషి. స్పెయిన్ మొదటి డివిజన్‌లో లాస్ పాల్మాస్‌కు కొన్నాళ్లు శిక్షణనిచ్చాడు. చేతిలో పెద్ద పేర్లు లేవు, కుర్రాళ్లున్నారు. ఉత్తరప్రదేశ్ నుంచి ఆకాశ్ మిశ్రా, సిక్కిం నుంచి ఆశిష్ రాయ్, మణిపూర్ నుంచి యాసిర్, చింగ్లెన్‌సనా. వెనకడుగు వేయకుండా ఆడమని వాళ్లను నమ్మి దించాడు. మొదటి ఏడాదే జట్టు అడుగు నుంచి అయిదో స్థానానికి ఎగబాకింది.

2021–22 సీజన్‌కు లీగ్ ఒక నిబంధన మార్చింది. మైదానంలో ఒకేసారి అయిదుగురు విదేశీయులు ఆడే చోట నలుగురికే అనుమతి. కనీసం ఏడుగురు భారతీయులు ఉండి తీరాలి. విదేశీ తారల మీద ఆధారపడ్డ జట్లకు ఇది ఇబ్బంది. మార్కెజ్‌కు మాత్రం కలిసొచ్చింది. ఆయన ఏడాదిగా పెంచుతున్నది ఆ ఏడుగురినే. పైగా ముందు వరసలో నైజీరియా నుంచి బార్తలోమ్యూ ఓగ్‌బెచే చేరాడు. మధ్యలో బ్రెజిల్‌కు చెందిన కెప్టెన్ జువావ్ విక్టర్, వెనక స్పెయిన్‌కు చెందిన జువానన్.

కరోనా కారణంగా ముందటి ఏడాదిలాగే లీగ్ అంతా గోవాలోనే నడిచింది. ఫతోర్డా, బాంబోలిం, వాస్కో తిలక్ మైదాన్. ఈ మూడు చోట్లే పదకొండు జట్లు ఆడాయి. ప్రేక్షకుల్లేరు. ఆటగాళ్లు హోటళ్లలోనే నెలల తరబడి ఉండిపోయారు. హోటల్ గది, బస్సు, మైదానం, మళ్లీ గది. జనవరిలో వైరస్ జట్లలోకి చొరబడి కొన్ని మ్యాచ్‌లను వాయిదా వేయించింది. సొంత మైదానమంటూ ఎవరికీ లేదు గనక హైదరాబాద్‌కు ప్రత్యేకంగా జరిగిన నష్టమేమీ లేదంటారు. అది సగం నిజమే. కొచ్చిలోనో కోల్‌కతాలోనో అభిమానం ముందే గట్టిపడి ఉంది. గచ్చిబౌలిలో అది అప్పుడే మొలకెత్తుతోంది. జట్టు ఎదిగిన రెండేళ్లూ జనం కళ్లకు దూరంగా గడిచిపోవడం ఈ కథలో అన్నిటికంటే పెద్ద దెబ్బ.

మొదలు బాగాలేదు. నవంబర్ 23న చెన్నైయిన్ చేతిలో 0–1తో ఓటమి, అదీ ఒక పెనాల్టీతో. తర్వాత ముంబై సిటీని 3–1తో కొట్టాక జట్టు దారిన పడింది. నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌పై 5–1, ఒడిశాపై 6–1, ఈస్ట్ బెంగాల్‌పై 4–0. ఈస్ట్ బెంగాల్ మీద మూడు గోల్స్ ఓగ్‌బెచేవే. సీజన్ మొత్తానికి 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అతనికే దక్కింది. లీగ్ దశ ముగిసేసరికి 20 మ్యాచ్‌ల్లో 11 గెలుపులు, 38 పాయింట్లు, రెండో స్థానం. 43 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచిన జంషెడ్‌పూర్ లీగ్ షీల్డ్ తీసుకుంది. సెమీఫైనల్ తొలి అంచెలో ఏటీకే మోహన్ బగాన్‌ను 3–1తో ఓడించి, రెండో అంచెలో 0–1తో ఓడినా మొత్తం మీద 3–2తో బయటపడింది.

ఫైనల్ మార్చి 20న, ఫతోర్డాలో. అవతల కేరళ బ్లాస్టర్స్. ఫైనల్‌కు ప్రేక్షకుల్ని రానిచ్చారు. కేరళ నుంచి అభిమానులు పోటెత్తి స్టేడియాన్ని పసుపుపచ్చగా మార్చేశారు. హైదరాబాద్ రంగూ పసుపే. పట్టికలో పైన నిలిచిన జట్టుగా ఆ రంగు హక్కు హైదరాబాద్‌కు దక్కింది. కేరళ వేరే జెర్సీ వేసుకోక తప్పలేదు. కాబట్టి గ్యాలరీల పసుపు ఒకరిది, మైదానంలో పసుపు ఇంకొకరిది. 68వ నిమిషంలో కేరళకు గోల్ కొట్టింది కె.పి. రాహులే. చివరి నిమిషాలు దగ్గరపడ్డాయి. అప్పుడు సబ్‌స్టిట్యూట్‌గా దిగిన గోవా కుర్రాడు సాహిల్ తవోరా 88వ నిమిషంలో పెనాల్టీ బాక్సు బయటి నుంచి కొట్టిన షాట్ నెట్‌లో పడింది. 1–1. ఎక్‌స్ట్రా టైంలోనూ తేలలేదు. ఇక షూటౌటే దిక్కు.

హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. అతనిదీ గోవాయే. 2015 ఫైనల్లో ఇదే ఫతోర్డా మైదానంలో ఎఫ్‌సీ గోవా గోల్ ముందు నిలబడ్డాడు. ప్రత్యర్థి చెన్నైయిన్. 90వ నిమిషంలో బంతి అతని మీదుగానే సొంత గోల్‌లోకి పోయింది. మరో రెండు నిమిషాలకు చెన్నైయిన్ ఇంకో గోల్ కొట్టి 3–2తో కప్పు ఎత్తుకుపోయింది. సొంత ఊరి జనం ముందు అలాంటి రాత్రిని మోసిన గోల్‌కీపర్ ఆరేళ్ల తర్వాత అదే మైదానంలో షూటౌట్‌కు నిలబడ్డాడు. లెస్కోవిచ్ కొట్టిన బంతిని ఆపాడు. నిషు కుమార్‌ది ఆపాడు. ఆపేముందు గీత దాటాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. రెండోసారీ ఆపాడు. జీక్సన్ సింగ్‌దీ ఆపాడు. అస్సాం నుంచి వచ్చిన హాలీచరణ్ నర్జారీ చివరి బంతిని నెట్‌లోకి పంపాడు. షూటౌట్ 3–1. రెండేళ్ల కిందట పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు ఛాంపియన్ అయింది.

ఆ గెలుపును చూడాల్సిన ఒక మనిషి లేడు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, తర్వాత ఫిఫా రిఫరీ. సీజన్‌కు మూడు నెలల ముందు, 2021 ఆగస్టులో పోయాడు.

గెలిచిన జట్టులో గోవా, అస్సాం, మణిపూర్, సిక్కిం, బెంగాల్, ఉత్తరప్రదేశ్ ఉన్నాయి. తెలుగు ఊళ్లు దాదాపు లేవు. దీన్ని ఆటగాళ్ల తప్పుగా చూడకూడదు. వాళ్లు హైదరాబాద్ పేరును ప్రాణం పెట్టి మోశారు. కానీ రహీం కాలంలో జట్టు వెనక బస్తీ మైదానాలు, బడులు, పోలీసు లైన్లు ఉండేవి. కొత్త జట్టు వెనక ఉన్నది లీగ్‌లో కొనుక్కున్న చోటు. పుణె నుంచి రాగలిగిన చోటు ఇంకోచోటికీ పోగలదు.

2022–23లో మ్యాచ్‌లు మళ్లీ సొంత మైదానాలకు వచ్చాయి. హైదరాబాద్ 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచి, సెమీఫైనల్లో పెనాల్టీల్లో ఓడింది. ఆట బాగానే ఉంది, డబ్బు లెక్కలే తప్పాయి. మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు. ఆ తర్వాతి సీజన్లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. కుర్రాళ్లతోనే బరిలో మిగిలిన జట్టు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి, ఎనిమిది పాయింట్లతో చివరన నిలిచింది. ఆ ఒక్కటీ చెన్నైలో చెన్నైయిన్ మీద. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్బును తీసుకుంది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మార్కెజ్ ఈలోగా 2024లో భారత జట్టు కోచ్ అయ్యాడు, రహీం కూర్చున్న కుర్చీలో. ఆ పదవిలో ఆయన తొలి మ్యాచ్, సెప్టెంబర్ 3న మారిషస్‌తో 0–0 డ్రా, గచ్చిబౌలిలోనే జరిగింది.

హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్ దగ్గర సొంత మైదానం కట్టుకున్న మరో క్లబ్బు శ్రీనిధి దక్కన్ కథ ఇంకో తరహా. 2021–22లోనే రెండో శ్రేణి ఐ-లీగ్‌లో అడుగుపెట్టి మూడో స్థానం తెచ్చుకుంది. 2022–23లో పంజాబ్ వెనక, 2023–24లో మహమ్మదన్ స్పోర్టింగ్ వెనక రెండో స్థానం. ఆ రెండేళ్లూ పై లీగ్‌కు వెళ్లే అవకాశం ఛాంపియన్ ఒక్కరికే. రెండుసార్లూ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

దేశ లీగ్‌లో తెలుగు పేరు ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్నది ఆడపిల్లల ఆటలో. నిజామాబాద్ జిల్లా లంబాడా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య గోకులం కేరళకు ఆడింది. 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. 2024–25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంపిక చేసింది. బలరాం వెళ్లిన క్లబ్బుకే ఆమె కూడా వెళ్లింది, దాదాపు ఏడు దశాబ్దాల తర్వాత.