వాద్యబృందము – దాని నిర్వాహకులు

కండక్టరు అనగానే మన సోంపేట వాసులకు ముందుగా జ్ఞప్తికి వచ్చువాడు పలాస బస్సులో టిక్కెట్టు కొట్టువాడే. సంగీతమునకును ఒక కండక్టరు కలడనియు, అతడు ఏ వాద్యమును చేత పట్టక పదులకొలది విద్వాంసులను కనుసన్నల నడిపించుననియు వినినప్పుడు మనవారికి వింతగానే ఉండును. మన తప్పెటగుళ్ళ జట్టునకు నాయకుడు లేకపోలేదు. అయితే అతడు తానును పాడును, తానును గెంతును. జట్టు అతని పాదమును చూచి అడుగు వేయును. సన్నాయి మేళమున సన్నాయి పట్టినవాడే పెద్ద. తాను వాయింపకయే ఇతరులచేత వాయింపజేయువాడు మన సంప్రదాయమునకు కొత్త.

పాశ్చాత్యుల పద్ధతి వేరు. లండనులో బి.బి.సి. సంస్థ 1930లో సింఫనీ ఆర్కెస్ట్రాను నెలకొల్పి ఆడ్రియన్ బోల్టును దానికి నిర్వాహకునిగా చేసినది. 1937లో అమెరికాలోని ఎన్.బి.సి. సంస్థ టోస్కనీనీ కొరకే ఒక ఆర్కెస్ట్రాను సమకూర్చినది. అక్కడ ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క స్వరభాగము ముందే వ్రాయబడి ఉండును. ఎవరు ఎప్పుడు అందుకొనవలెనో, ఎవరు ఎంత తగ్గవలెనో చూచుకొనుటకు ఒకడు లేకున్న ఆ సంగీతము నడువదు.

మన రేడియోలో ఇట్టి ప్రయత్నమునకు తొలుత పూనుకొన్నవాడు మాంచెస్టరులో 1880లో జన్మించిన జాన్ ఫోల్డ్స్. ఢిల్లీ కేంద్రములో పాశ్చాత్య సంగీత విభాగమును చూచుచు, దేశీయ వాద్యకారులకు వ్రాతస్వరములు చదువుట నేర్పి ఒక బృందమును తయారుచేసినాడు. ఆ పని వేళ్ళూనకముందే, 1939 ఏప్రిల్‌లో, కలకత్తాలో కలరా వ్యాధితో మరణించినాడు. హార్మోనియము మన సంగీతమునకు పనికిరాదని వాదించినవారిలో ఈయనయు ఒకరు. 1940 మార్చి 1 నుండి రేడియోలో ఆ వాద్యము నిషేధింపబడినది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. మా ఉద్దానమున మాత్రము, ఢిల్లీ నిషేధముతో పనిలేక, పౌరాణిక నాటకమునకు తెర లేచుటకు ముందు హార్మోనియము శ్రుతియే వినబడుచుండెను. గమకము పలుకదన్న వాదము శాస్త్రరీత్యా సరియే. కాని ఆ పెట్టె లేకున్న మన పద్యము నిలుచునా?

స్వతంత్రము వచ్చిన పిదప, 1952లో, ఆకాశవాణి ఢిల్లీలో జాతీయ వాద్యబృందమును నెలకొల్పినది. దానికి ఇద్దరు నిర్వాహకులు: సితారు విద్వాంసుడు రవిశంకర్, ఫిడేలు విద్వాంసుడు టి. కె. జయరామయ్యరు. ఇద్దరేల? చిక్కు అక్కడనే ఉన్నది. మన ఖరహరప్రియకును, ఉత్తరాది కాఫీ థాటుకును స్వరములు ఒక్కటే. కాని ఆ గాంధారమును మన వైణికుడు ఊపి పలికించును. సితారు వాయించువాడు నిలిపి పలికించును. ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టి ఒక్క గాంధారము పలుకుమన్న ఎవరి గాంధారము పలుకవలెను? ఊపు తీసివేసిన రాగము ఎండిపోవును. ఊపు ఉంచిన పదిమంది ఊపులు పది విధములై గందరగోళమగును. మనోధర్మమే ప్రాణముగా గల విద్వాంసునికి ‘ఇంతే వాయింపుము, ఇప్పుడే ఆపుము’ అని చెప్పుటయు సులభము కాదు.

రవిశంకరునికి ఈ విద్య కొంత అలవాటున్నదే. అన్న ఉదయశంకర్ నాట్యబృందములో పెరిగినవాడు. ఆయన గురువు అల్లాఉద్దీన్ ఖాన్ మైహరు సంస్థానములో అనాథబాలురను చేరదీసి, వారికి వాద్యములు నేర్పి, బ్యాండు నడిపిన మహానుభావుడు. పనికిరాని తుపాకీ గొట్టములతో ఒక తరంగ వాద్యమునే కల్పించినాడు.

1956లో రవిశంకర్ ఆకాశవాణిని వీడగా వేణువిద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ వచ్చినాడు. పశులకాపరి పిల్లనగ్రోవిని పొడవు పెంచి కచేరీ వేదికకు ఎక్కించినవాడు ఈయనయే. వాద్యబృందమునకై ఆయన కూర్చిన రచనలలో ఒకదాని పేరు ‘కళింగ విజయము’. మహేంద్రగిరి నీడలో, ముఖలింగమునకు చేరువలో ఉన్న మనకు ఆ పేరు పరాయిది కాదు. విజయము అశోకునిది, నేల మనది. ఓడినవారి గడ్డమీద కూర్చుండి వినువారికి ఆ పేరులోని ‘విజయము’ అను మాట ఒకింత ముల్లువలె తగులును. పన్నాలాల్ 1960 ఏప్రిల్‌లో, ఏబది యేండ్లైనను నిండకుండగనే, కన్నుమూసినాడు. తరువాత చలనచిత్ర రంగమునుండి అనిల్ బిశ్వాస్ వచ్చి చాలకాలము ఆ బాధ్యత వహించినాడు.

తెలుగువారి వంతుగా ఆ పీఠమును అధిష్ఠించినవాడు ఈమని శంకరశాస్త్రి. ద్రాక్షారామములో 1922లో పుట్టి, తండ్రి అచ్యుతరామశాస్త్రి వద్ద వీణ నేర్చి, మదరాసులో జెమినీ స్టూడియో సంగీతశాఖలో పలు వాద్యములను కలుపు మెలకువ సంపాదించి, పిదప ఆకాశవాణిలో చేరి ఢిల్లీ వాద్యబృందమును నడిపినాడు. గాంధారము ఎంత ఊగవలెనో వ్రేళ్ళకు తెలిసిన వైణికుడు, పదిమంది కలిసి వాయించునప్పుడు ఆ ఊపులో ఎంత విడువవచ్చునో స్టూడియోలో నేర్చినవాడు. ఈ రెండును ఒక్కనియందు కూడుట అరుదు. ఆయన 1987 డిసెంబరులో స్వర్గస్థుడైనాడు. ఆయన వీణ రికార్డులు మిగిలి ఉన్నవి. అవి వినునప్పుడు ఒక తంత్రి నిలిపి, ఒక తంత్రి ఊపి, మరియొకటి తాళము వేయుట గమనించినచో, ఒక్క వీణలోనే బృందమంతయు ఉన్నట్లు మాకు తోచును.