పెట్రోలు ట్యాంకు సీలర్

తుప్పు పట్టిన పాత మోటారు సైకిల్ ట్యాంకు లోపల పూసే రసాయనిక పూత. ఇది సూదిబెజ్జాలను పూడ్చి, రేకుకు తేమ తగలకుండా కాపాడుతుంది.

నేపథ్యం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతానికి ఒకవైపు 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా, మరోవైపు జావా, యెజ్డీ బండ్లు చేసిన మైసూరు ఐడియల్ జావా ఉండేవి. మదనపల్లె పీఠభూమిపై రాత్రి చల్లబడినప్పుడు, ఇలాంటి పాత బండ్ల సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ నీటిబొట్లై అడుగున చేరి తుప్పు రేపుతుంది.

ఎంపిక: 2025లో దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 20 శాతానికి చేరింది. ఇథనాల్ వంటి ఆల్కహాలుకు ఆగని పాత రకం పూతలు మెత్తబడి, పొరలుగా ఊడి కార్బురేటరును మూసేస్తాయి. అందుకే ఇథనాల్‌ను తట్టుకునే రెండు భాగాల ఎపాక్సీ మేలు. గట్టిపడిన పూత ముక్కను వారంపాటు పెట్రోలు సీసాలో నానబెడితే దాని సత్తా తెలుస్తుంది.

పద్ధతి: ట్యాంకులో గుప్పెడు నట్లు వేసి కుదిపి, ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. టూ స్ట్రోక్ యెజ్డీ ట్యాంకులో ఆయిల్ జిడ్డు ముందే పోవాలి. లేకుంటే పూత అంటదు. సీలర్ పోసి అన్ని వైపులా తిప్పి, మిగిలింది ఒంపేయాలి. పెద్ద చిల్లులకు, చివికిన అతుకులకు సీలర్ చాలదు. రేకు పనే చేయించాలి.