చలి రాయిని పగలగొడుతుందా?

2016లో అంటార్కిటికాలో "పిరమిడ్" బయటపడిందంటూ ఇంటర్నెట్‌లో ఫోటోలు తెగ తిరిగాయి. ఎల్స్‌వర్త్ పర్వతాలలో దాదాపు 1265 మీటర్ల ఎత్తున్న ఒక శిఖరం అది. పక్కలన్నీ చెక్కినట్టుగా కనిపిస్తుంది. మంచు కింద మునిగిపోయిన ప్రాచీన నాగరికత అన్నారు కొందరు. గ్రహాంతరవాసుల కట్టడం అన్నారు మరికొందరు. దీనికి జవాబుగా చాలామంది చెప్పినదేమిటంటే, రాతి సందుల్లోకి నీరు చేరుతుంది, గడ్డకట్టినప్పుడు వ్యాకోచిస్తుంది, రాయి పగులుతుంది, లక్షల ఏళ్ళు ఇలా జరిగితే కొండ ఆ ఆకారానికి వస్తుంది, ఇందులో వింతేమీ లేదు అని.

పిరమిడ్ కథ అబద్ధమే. అందులో సందేహం లేదు. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఆ జవాబు. "నీరు గడ్డకట్టి రాయిని పగలగొడుతుంది" అన్నది మనమంతా స్కూలు పుస్తకంలో చదువుకున్న వాక్యం. దాన్ని ఎవరైనా పరీక్షించి చూశారా? మూఢనమ్మకాలను ఆధారం చూపమని నిలదీసే మనం, మన తరఫు సమాధానాలను కూడా అదే ప్రశ్న అడగాలి కదా!

లెక్క ప్రకారం చూస్తే ఈ వాదన చాలా బలమైనది. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఎటూ పోవడానికి దారి లేకుండా బంధించి, మైనస్ 22 డిగ్రీల దాకా చల్లబరిస్తే, మామూలు వాతావరణ పీడనానికి దాదాపు 2000 రెట్ల పీడనం పుడుతుంది. అందులో పదో వంతు చాలు, చాలా రాళ్ళు పగలడానికి. ఇంత స్పష్టంగా లెక్క కుదిరాక ఇక ప్రయోగమెందుకు అనిపిస్తుంది.

చిక్కంతా "దారి లేకుండా బంధించి" అన్న షరతులోనే ఉంది. ఫ్రిజ్‌లో ఐస్ ట్రేని గమనించండి. నీరు గడ్డకట్టినా ట్రే పగలదు, మంచు పైకి ఉబ్బుతుంది, అంతే. రాతి పగులు కూడా సాధారణంగా ఒకవైపు తెరిచే ఉంటుంది. పైగా రాతి రంధ్రాలు దాదాపు 91 శాతానికి మించి నీటితో నిండి ఉంటే తప్ప, పెరిగిన పరిమాణం మిగిలిన ఖాళీలోనే సర్దుకుపోతుంది. ప్రకృతిలో ఈ షరతులన్నీ ఒకేచోట కుదరడం అరుదు.

అసలైన పరీక్ష రాయి మీద కాదు, మట్టి మీద మొదలైంది. చలిదేశాల్లో శీతాకాలంలో నేల ఉబ్బి రోడ్లు లేచిపోతాయి. దీనికి కూడా అప్పట్లో అందరూ చెప్పిన కారణం నీటి వ్యాకోచమే. అమెరికాలో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ టేబర్ అనే భూవిజ్ఞాని 1929, 1930 సంవత్సరాలలో తన ప్రయోగాలను ప్రచురించాడు. తడి మట్టిని పైనుంచి గడ్డకట్టిస్తూ, కింద నుంచి నీరు అందేలా ఏర్పాటు చేశాడు. మట్టి ఉబ్బింది. అయితే అది 9 శాతం లెక్కకు అందనంత ఎక్కువగా ఉబ్బింది. కోసి చూస్తే లోపల స్వచ్ఛమైన మంచు పొరలు పొరలుగా పేరుకుని ఉంది.

తరువాత ఆయన చేసినది నాకు మరీ నచ్చింది. నీటిని తీసేసి బెంజీన్, నైట్రోబెంజీన్ వాడాడు. ఇవి గడ్డకట్టినప్పుడు పెరగవు, కుంచించుకుపోతాయి. ఉబ్బడానికి వ్యాకోచమే కారణమైతే ఈసారి మట్టి ఉబ్బకూడదు. ఉబ్బింది! ఎంతో కాలంగా అందరూ ఒప్పుకున్న ఒక వివరణ నిజమో కాదో తేల్చడానికి ఇంతకంటే సూటి అయిన పరీక్షను ఊహించడం కష్టం.

మరి జరుగుతున్నదేమిటి? మంచు ఉపరితలం మీద సున్నా డిగ్రీల కంటే దిగువన కూడా పలుచని ద్రవపు పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే సూచించాడు. మట్టి రేణువులకూ మంచుకూ మధ్య అలాంటి పొర మిగిలే ఉంటుంది. దాని గుండా చుట్టుపక్కల నీరు చల్లని వైపుకు లాగబడి అక్కడ మంచుగా చేరుతుంది. మంచు అలా మెల్లగా పెరుగుతూ తన చోటు తానే చేసుకుంటుంది.

రాతి విషయంలోనూ ఇదే జరగవచ్చని 1985లో వాల్డర్, హాలెట్ అనే శాస్త్రవేత్తలు గణిత నమూనా కట్టారు. వారి లెక్కలో పగుళ్ళు బాగా పెరిగేది సున్నా దగ్గర కాదు, మైనస్ 4 నుంచి మైనస్ 15 డిగ్రీల మధ్య. గడ్డకట్టడం, కరగడం పదే పదే జరగనక్కర లేదు. చలి నిలకడగా ఉండి నీరు అందుతూ ఉంటే చాలు. 2006లో మర్టన్, పీటర్సన్, ఓజూఫ్ తడి సున్నపురాయి దిమ్మెలలో ధ్రువప్రాంతపు నేల పరిస్థితులను ప్రయోగశాలలో సృష్టించి, మంచు పొరలు పెరిగి రాయిని చీల్చడాన్ని సైన్స్ పత్రికలో చూపించారు. టేబర్ ప్రయోగాలు మట్టి నుంచి రాతి దాకా రావడానికి మూడు తరాలు పట్టిందన్నమాట.

అయితే ఇక్కడ కూడా నీరు కావాలి. అంటార్కిటికాలోని మెక్‌మర్డో పొడి లోయల్లో అదే కరువు. 1903 డిసెంబరులో రాబర్ట్ స్కాట్ ఇద్దరు సహచరులతో అందులో ఒక లోయలోకి దిగాడు. చుట్టూ మంచు ఖండం, లోపల మాత్రం దాదాపు మంచు లేని రాతినేల. చలే రాళ్ళను పగలగొట్టేదైతే ఈ లోయలు ఈపాటికి పిండి కావాలి. కానీ అక్కడి ఎత్తైన చోట్ల రాతి అరుగుదల పది లక్షల ఏళ్ళకు ఒక మీటరు కూడా ఉండదు. భూమి మీద అతి నెమ్మదిగా అరిగే రాళ్ళలో ఇవీ ఉన్నాయి. ఉన్న కాస్త అరుగుదలలో ఉప్పు స్ఫటికాలకూ, ఇసుకను మోసుకొచ్చే గాలికీ, ఎండకు వేడెక్కి వెంటనే చల్లబడే రాతి ఉపరితలానికీ భాగముంది. 1976లో ఇమ్రే ఫ్రీడ్‌మన్, రోజెలీ ఒకాంపో అక్కడి రాళ్ళ లోపల, ఉపరితలానికి కొద్ది మిల్లీమీటర్ల కింద, బతికి ఉన్న సూక్ష్మజీవులను కనిపెట్టారు. ఇసుకరాయిలో రేణువులను పట్టి ఉంచే పదార్థాన్ని ఇలాంటి జీవులు కరిగించడం వల్ల పైపొర పెచ్చులుగా ఊడిపోతుంది.

దీనికి మన తూర్పు కనుమలు మంచి పోలిక. సుమారు 90 నుంచి 100 కోట్ల ఏళ్ళ క్రితం తూర్పు కనుమలూ, తూర్పు అంటార్కిటికాలోని కొంత తీరప్రాంతమూ ఒకే పర్వత పట్టీలో భాగాలు. చార్నొకైటు వంటి రాళ్ళు రెండు చోట్లా ఉన్నాయి. విశాఖ మన్యంలో ఎండకూ వానకూ ఖోండలైటు రాయి కుళ్ళి ఎర్రమట్టి అయింది, చింతపల్లి వైపు కొండల నెత్తిన బాక్సైటుగా మారింది. అంటార్కిటికాలోని చుట్టపు రాళ్ళకు ఆ గతి పట్టలేదు. అక్కడ ద్రవరూపంలో నీరు చాలినంత లేదు, వెచ్చదనమూ లేదు.

కాబట్టి ఎల్స్‌వర్త్ శిఖరం గురించి ఎవరైనా అడిగితే నేను ఇలా చెబుతాను. హిమానీనదాలు ఒక కొండను పలు వైపుల నుంచి తొలిచినప్పుడు కోసుగా ఉండే శిఖరం మిగులుతుంది. ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ అలాంటిదే. రాతి లోపల మంచు పెరగడం ఆ పనికి తోడ్పడుతుంది, నీరు అందిన చోట, అందిన మేరకు. పిరమిడ్ వాదులకు ఇది కాస్త పొడుగు జవాబే. కానీ ఇందులో ప్రతి మెట్టు దగ్గరా "ఎలా తెలుసు?" అని వాళ్ళు అడగవచ్చు. మనం బెంజీన్ పోసిన మట్టి దగ్గరి నుంచి మొదలుపెట్టి చెప్పవచ్చు.