గేరి కోడికి శాస్త్రం ఏది?

(మన చేతుల చరిత్ర – 9)

నేను పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాల్సిన ఏడాది నందవరంలో మా గేరి కోళ్ళకు కొక్కెర తెగులు తగిలింది. ఆ ఫీజు కోసమని మా అమ్మ రెండు పుంజుల్ని, అయిదు పెట్టల్ని సాకుతా ఉండింది. నాలుగు రోజుల్లో గంప ఖాళీ అయింది. అమ్మ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయింది. నా ఫీజు ఆ అడ్వాన్సులోంచే కట్టినారు.

తర్వాత తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తూ కోడి కోసం వెతికాను. కోడి మన సాహిత్యంలో బాగానే ఉంది. పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు పందెం కట్టింది కోళ్ళ మీదే. ఓడిన మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి వలస పోయారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు కోడిపందెం ఉంది. పుంజు రంగును, నక్షత్రాన్ని, వారాన్ని, దిక్కును బట్టి డేగ గెలుస్తుందా, కాకి గెలుస్తుందా, నెమలి గెలుస్తుందా అని చెప్పడానికి ఏకంగా కుక్కుట శాస్త్రమే ఉంది. కోడి ఓడిపోతే రాజులు వలస పోయిన కథను వందల ఏళ్ళుగా పాడుకుంటున్నాం. కోళ్ళు చచ్చిపోయి మా అమ్మ వలస పోయిన కథ ఏ తాళపత్రంలోనూ లేదు. గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, గేరి ఇళ్ళకు ఉప్పుకూ పప్పుకూ డబ్బిచ్చే పెట్ట గురించి ఏ శాస్త్రమూ రాయలేదు.

సర్కారు సంగతి చూద్దాం. బ్రిటిష్ వాళ్ళు 1889లో పుణెలో పశు రోగాల ప్రయోగశాల పెట్టి, 1893లో దాన్ని హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మార్చారు. వాళ్ళ అసలు దిగులు ఎద్దుల గురించి. ఎద్దు చస్తే సేద్యం ఆగుతుంది, శిస్తు ఆగుతుంది. ఆ కాలంలో ఉత్తరాదిన పశువులు చచ్చినచోటల్లా తోళ్ళ కోసం విషం పెట్టారని చమార్ల మీద అనుమానం మోపారు. పశువు చస్తే దోషం మనది. కోడి చస్తే ఎవరికీ పట్టదు.

1926లో జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ కోళ్ళ మహమ్మారిని గుర్తించారు. 1928 నాటికి కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనపడింది. అందుకే మన దేశంలో దానికి రాణిఖేత్ అని పేరు. మన కొక్కెర తెగులు అదే. 1940ల్లో ముక్తేశ్వర్‌లోనే దానికి టీకా తయారైంది. అంటే మా గంప ఖాళీ అయ్యేనాటికి టీకాకు యాభై ఏళ్ళు దాటినాయి!

అట్లని గేరిలో జ్ఞానం లేదని కాదు. మా అవ్వ తెల్లారి గంప ఎత్తి, ఏ కోడి ముందు వచ్చింది, ఏది ఆఖరున వచ్చింది అని చూసేది. "రేయ్ నాయనా, ఇది ముక్కతా ఉంది, దీన్ని పక్కన మూసిపెట్టు" అనేది. రెట్ట రంగు, తురాయి రంగు చూసేది. పుస్తకాల్లో చెప్పే రోగ నిర్ధారణా, క్వారంటైనూ ఇవే. కానీ అవ్వ జ్ఞానాన్ని కీర్తించి ఊరుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. కొక్కెరను ఆమె గుర్తుపట్టగలిగింది, ఆపలేకపోయింది. ఇంట్లో నూరే ఏ మందూ దాన్ని ఆపదు.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి.

ఆకుపచ్చ నీళ్ళ రెట్ట, నోరు తెరిచి గురక, వేలాడే రెక్కలు, మెలితిరిగిన మెడ – ఇవి కొక్కెర గుర్తులు. వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిది వారాలు దాటినాక రెక్క కింద సూది.

తురాయి మీద, కళ్ళ చుట్టూ పొక్కులు లేస్తే మశూచి. పుండ్లు శుభ్రంగా ఉంచితే చాలా కోళ్ళు కోలుకుంటాయి.

పిల్లల రెట్టలో నెత్తురు పడితే కాక్సిడియోసిస్. దీనికి మందు ఉంది, వెంటనే డాక్టరును అడగండి, గంప కింద నేల పొడిగా ఉంచండి.

తింటున్నా చిక్కిపోతే ఏలికపాములు. వాటికీ మందు ఉంది.

ఒక్కసారిగా చాలా కోళ్ళు చస్తే తినొద్దు, అగ్గువకు అమ్మొద్దు, కుక్కలకు వేయొద్దు. పశువైద్యుడికి చెప్పి, సున్నం వేసి లోతుగా పూడ్చండి. సంతలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా ఉంచండి.

ఒకచోట టీకా అడిగితే "పది కోళ్ళకు సీసా విప్పలేం" అన్నారు. సీసాలో వంద డోసులకు పైనే ఉంటాయి. మంచులో పెట్టి తేవాలి, కలిపినాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఫారం యజమానికి ఆ సీసా సరిపోతుంది. ఇంటికి ఏడు కోళ్ళున్న గేరికి సరిపోదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వస్తే రోజులపాటు టీవీల్లో వార్తలు వచ్చినాయి. గేరి గంపలు ఖాళీ అయితే ఒక్క వార్తా రాదు.

లెక్క చూడండి. ఇరవై ఇళ్ళు కలిస్తే నూటనలభై కోళ్ళు. విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కులో గేరి కోళ్ళ లెక్క రాయండి. అందరి సంతకాలతో పశువుల ఆసుపత్రికి అర్జీ ఇచ్చి, టీకాకు తేదీ అడగండి. ఆ తేదీ దండోరా వేయించండి. అదే నోటుబుక్కులో మీ అవ్వలు చెప్పే గుర్తులు కూడా రాసుకోండి. మన కోడికి మొదటి శాస్త్రం అదే అవుతుంది.

జై భీమ్.