వరుగుల కుండ నుంచి ఫ్రిజ్ దాకా

వారం చివరికి ఆళ్లగడ్డలో మా ఇంటి ఫ్రిజ్ అడుగు అరలో మిగిలేవి ఇవీ: సగం కోసిన సొరకాయ, వడలిన నాలుగు వంకాయలు, గుప్పెడు గోరుచిక్కుళ్లు, రెండు ఉర్లగడ్డలు, మూడు టమోటాలు, మచ్చలు పడుతున్న క్యాలీఫ్లవర్ ముక్క. దేనికది వండితే ఒక మనిషికి కూడా చాలదు. అన్నీ తరిగి చింతపండు పులుసులో వేస్తే నలుగురికి సరిపోతాయి. మన "కలగూరగంప" పుట్టింది ఇలాంటి వంటింట్లోనే అయి ఉంటుంది. (ఆ మాటను మనం రాతలకు వాడుకుని గంపను మరిచిపోయాం.)

మొన్న ఆ ముక్కలు తరుగుతూ ఉంటే ఒక ప్రశ్న తోచింది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో అయితే వీటిలో ఎన్ని నా ముందు ఉండేవి? రాయల ప్రస్తావన ఊరికే తేలేదు. కళింగ దండయాత్ర రోజుల్లో, 1515 చివర, ఆయన అహోబిలం వచ్చి నరసింహస్వామికి కానుకలు సమర్పించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. అహోబిలం మాకు పాతిక కిలోమీటర్ల దూరం.

వంకాయకు ఇబ్బంది లేదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు వర్తకుడు పేయస్, అంగళ్లలో నిమ్మకాయలతో పాటు వంకాయలనూ చూశానని రాశాడు. సొరకాయ, గోరుచిక్కుడు కూడా ఉంటాయి. ఉర్లగడ్డ, టమోటా మాత్రం సముద్రం అవతల అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసుల ఓడలెక్కి వచ్చి, నిదానంగా మన పొలాల్లోకి దిగినవి. క్యాలీఫ్లవర్ మరీ కొత్త. ఆంగ్లేయులు 1822లో తెచ్చారు. అన్నిటికన్నా నన్ను ఆపేసింది మిరపకాయ. అదీ అమెరికాదే. అహోబిలంలో ఆదివన్ శఠగోప యతి దగ్గర చదువుకున్న అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. అంతటి సంకీర్తనాచార్యుడు జీవితమంతా మిరపకాయ రుచి ఎరుగడు! ఆయన నాలుక ఎరిగిన కారం మిరియానిది. మిరియం పేరు పంచుకునే మిరపకాయ ఆ తర్వాత మిరియాన్నే వంటింటి మూలకు నెట్టింది. ఊరిమిండి లేని రాయలసీమను ఊహించడం నాకైతే కష్టం.

ఫ్రిజ్ సంగతి సరే, మిగిలిన కూరగాయ అప్పుడేమయ్యేది? రాయలే జవాబు చెప్పాడు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానాకాలంలో అతిథులకు పెట్టిన భోజనంలో పప్పు, కూరలు, పెరుగు, నెయ్యితో పాటు వడియాలూ వరుగులూ ఉన్నాయి. చక్రవర్తి కావ్యంలో ఎండు కూరగాయకు చోటు దక్కిందంటే అది పేదవాడి తిండి మాత్రమే కాదన్నమాట. ముసురు పట్టి పచ్చి కూరగాయ దొరకని రోజుల కోసం ఎండాకాలం నుంచే ఎండను దాచుకునేవారు.

మా అవ్వ చేతిలో నేను చూసిన వరుగుల పద్ధతి ఇది. గోరుచిక్కుళ్లను ఈనెలు తీసి, ఉప్పు నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి, మిద్దె మీద చాప పరిచి ఎండబెట్టేది. వంకాయలైతే చక్రాలుగా తరిగేది. విరిస్తే పటుక్కుమనేదాకా ఎండాలి. తడి ఉంటే బూజు పట్టి కుండంతా పోతుంది. వండే రోజు వేడి నీళ్లలో నానబెడితే పచ్చి కాయకు లేని ఒక గట్టి రుచి వచ్చేది. కుండ మూత తీసేటప్పుడు ఆమె ముఖంలో ఒక జాగ్రత్త కనిపించేది. ధాత కరువు మాటలు ఆమె తన అవ్వ నోట విన్నది. 1876–78 నాటి ఆ కరువులో కర్నూలు జిల్లా దారుణంగా దెబ్బతిన్నది. ఆ జ్ఞాపకం మూడు తరాలు దాటి మా వంటింటి మూలన కుండ రూపంలో కూర్చుంది. పిడికెడు ముక్కలు పారేస్తే అవ్వకు వచ్చే కోపం నాకు చిన్నప్పుడు పిసినారితనంగా కనిపించింది.

గోద్రెజ్ వారు మన దేశంలో ఫ్రిజ్‌లు చేయడం 1958లో మొదలుపెట్టినా, మా ఇంటికి అది చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మిద్దె మీద చాప మాయమైంది. ఎండకు నాలుగు రోజులు కాపలా ఉండే పని తప్పింది, నిజమే. కానీ వరుగుల కుండలో పెట్టినది ఏడాది నిలిచేది. ఫ్రిజ్‌లో పెట్టినది పది రోజులకు చెత్తబుట్టకు చేరుతోంది.

అవ్వ తద్దినం రోజు మాత్రం మా ఇల్లు ఐదు వందల ఏళ్లు వెనక్కి వెళుతుంది. ఆ వంటలో ఉర్లగడ్డ, టమోటా, మిరపకాయ ఉండవు. అరటికాయ, కాకర, గోరుచిక్కుడు, కారానికి మిరియం. అలా ఎందుకని అడిగితే ఆచారమంటారు గానీ, పితృదేవతలకు వాళ్లు ఎరిగిన తిండే పెడుతున్నామని నాకనిపిస్తుంది. (చిత్రమేమంటే, చిలగడదుంపకు కొన్ని ఇళ్లల్లో అనుమతి ఉంది. అదీ అమెరికా నుంచి వచ్చిందే!)

పులుసు బాగానే కుదిరింది. టమోటాలు మాత్రం అందులో వేయలేదు. చక్రాలుగా తరిగి, ఉప్పు చల్లి, మిద్దె మీద చాప పరిచి వచ్చాను.