నిబంధన పునరుద్ధరణ (బైబిలు)

దేవునికీ ఇశ్రాయేలు ప్రజలకూ మధ్య కుదిరిన నిబంధన మరుగున పడినప్పుడో భంగమైనప్పుడో ప్రజలు మళ్లీ ప్రమాణం చేసి దాన్ని స్వీకరించడమే నిబంధన పునరుద్ధరణ. నిబంధనకు హీబ్రూ మాట ‘బెరీత్’. ఆ భాషలో నిబంధనను ‘కోస్తారు’. పశువును రెండుగా కోసి ఆ ఖండాల నడుమ నడిచే పాత ఆచారం ఈ వాడుకలో మిగిలింది. మాట తప్పితే నాకూ ఇదే గతి పట్టాలని నడిచినవాడు ఒప్పుకున్నట్టు.

మొదటి పునరుద్ధరణ సీనాయి కొండ దగ్గరే జరిగింది. నిబంధన రక్తాన్ని ప్రజల మీద చల్లి ఎన్నాళ్లో కాలేదు. మోషే ఇంకా కొండ మీద ఉండగానే కింద బంగారు దూడ తయారైంది. ఆయన కోపంతో రాతి పలకలను పగలగొట్టాడు. నిర్గమకాండం 34వ అధ్యాయంలో మరో రెండు పలకలు చెక్కుకొని కొండెక్కితే, దేవుడు తన కనికరాన్ని చాటి మళ్లీ నిబంధన చేశాడు. తరువాతి పునరుద్ధరణలన్నిటికీ మూలం ఇదే. తప్పింది ప్రజలు, మళ్లీ దారి తెరిచింది దేవుడు. గడువు తీరిన ఒప్పందాన్ని ఇద్దరు సమానులు తిరగరాసుకోవడంగా దీన్ని చూస్తే అసలు విషయం చేజారిపోతుంది.

మోయాబు మైదానంలో కొత్త తరం ఎదుట మోషే మళ్లీ నిబంధన చేయించాడు. అక్కడ లేనివారికీ అది వర్తిస్తుందని ద్వితీయోపదేశకాండం 29వ అధ్యాయం చెబుతుంది. ఏడేళ్లకోసారి పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రాన్ని స్త్రీలు, పిల్లలు, పరదేశులు సహా అందరికీ చదివి వినిపించాలన్న ఆజ్ఞ కూడా ఆ గ్రంథంలోదే.

వృద్ధుడైన యెహోషువ గోత్రాలన్నిటినీ షెకెములో సమకూర్చాడు. ఏబాలు, గెరిజీము కొండల నడుమనున్న ఆ ఊరు నేటి నాబ్లుస్ పక్కనే ఉండేది. ఎవరిని సేవిస్తారో తేల్చుకోమన్నాడు. యెహోవానే అని జనం అనగానే యెహోషువ సంతోషించలేదు, అది మీ వల్ల కాదు అన్నాడు. వారు పట్టుబట్టిన తరువాతే నిబంధన చేసి, చెట్టు కింద ఒక పెద్ద రాయిని సాక్షిగా నిలిపాడు. ప్రమాణం తేలిక కాకూడదన్న పట్టుదల ఈ ఘట్టంలో కనిపించినంతగా మరెక్కడా కనిపించదు.

రాజుల కాలంలో ఆసా, యాజకుడైన యెహోయాదా, హిజ్కియా ఈ పనికి పూనుకున్నారు. వారందరికన్నా పేరు పొందింది యోషీయా. ఆయన ఏలుబడి 18వ ఏట, సుమారు క్రీ.పూ. 622లో, దేవాలయం బాగుచేస్తుండగా యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. లేఖికుడు షాఫాను చదవగా విని రాజు బట్టలు చింపుకున్నాడు. ప్రవక్త్రి హుల్దా దగ్గర విచారణ చేయించాక, తానే స్తంభం దగ్గర నిలబడి నిబంధన చేశాడు. దొరికిన ఆ గ్రంథం ద్వితీయోపదేశకాండమో దాని తొలి రూపమో అయివుంటుందని చాలామంది పండితుల అభిప్రాయం.

ప్రజలు బబులోను చెర నుంచి తిరిగొచ్చాక యెరూషలేములో జరిగిన పునరుద్ధరణ అన్నిటికన్నా వివరంగా ఉంది. నీటి గుమ్మం ముందున్న మైదానంలో శాస్త్రి ఎజ్రా ధర్మశాస్త్రాన్ని తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా చదివితే, లేవీయులు అర్థం విడమరిచి చెప్పారు. జనం ఏడ్చారు. ఏడవకండి, భోజనం చేయండి, లేనివారికి పంపండి అన్నారు పెద్దలు. ఆ నెలలోనే ఉపవాసముండి పాపాలు ఒప్పుకుని నిబంధన రాసి ముద్రలు వేశారు. నెహెమ్యా గ్రంథం 10వ అధ్యాయంలో ముద్ర వేసినవారి పేర్లు 80కి పైగా ఉన్నాయి. విశ్రాంతి దినాన సరుకు కొనబోమని, ఏడో ఏట అప్పులు విడిచిపెడతామని, మందిరానికి ఏటా తులంలో మూడో వంతు ఇస్తామని రాసుకున్నారు. భక్తి ఇక్కడ బజారు దాకా, అప్పుల దాకా వచ్చింది.

చెరకు ముందు ఇలాంటి చోటే మాట తప్పినవారి కథ యిర్మీయా 34వ అధ్యాయంలో ఉంది. బబులోను సేన యెరూషలేమును ముట్టడించినప్పుడు రాజు సిద్కియా, పెద్దలు దూడను రెండుగా కోసి, ఆ ఖండాల నడుమ నడిచి హెబ్రీ దాసులను విడిపించారు. ఐగుప్తు సేన వస్తోందని ముట్టడి సడలగానే వారినే మళ్లీ దాసులను చేసుకున్నారు. ప్రవక్త తీర్పు చెప్పాడు. నగరం కూలింది. అదే గ్రంథం 31వ అధ్యాయంలో, హృదయాల మీద రాసే కొత్త నిబంధనను దేవుడు వాగ్దానం చేశాడు. యేసు చివరి రాత్రి గిన్నెను తన రక్తపు కొత్త నిబంధన అన్నాడని లూకా, పౌలు చెబుతారు. క్రైస్తవ గ్రంథానికి ఆ పేరు అక్కడిదే.

మృత సముద్రం ఒడ్డున కుమ్రాను సమాజం ఏటా నిబంధనను పునరుద్ధరించుకునేదని 1947లో దొరికిన నియమావళి తెలుపుతుంది. 1755 ఆగస్టు 11న లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ జరిపిన ఆరాధనలో సుమారు 1800 మంది లేచి నిలబడి నిబంధనకు సమ్మతించారు. మెథడిస్టు సంఘాలు ఆ ఆరాధనను కొత్త సంవత్సరం మొదట్లో జరుపుతాయి.